పెంపుడు పిల్లులకు రిఫ్లెక్సాలజీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో పిల్లిని ఎలుకల కోసం కాక ఇంటి మనిషిలా పెంచుకుంటున్న వారు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను పశువైద్యురాలిని కాను. పదిహేనేళ్లుగా పర్లాకిమిడిలో పిల్లులను పెంచుతూ, వాటి పాదాలను రోజూ చేతిలోకి తీసుకుని చూస్తూ నేర్చుకున్నదీ, పశువైద్యులను అడిగి తెలుసుకున్నదీ ఇందులో ఉంది.

రిఫ్లెక్సాలజీ అంటే ఏమిటి? అది పిల్లుల వరకూ ఎలా వచ్చింది?

శరీరంలోని ఒక్కొక్క అవయవానికి అరికాలిలోనో అరచేతిలోనో ఒక చోటు ఉంటుందనీ, ఆ చోటును వేలితో నొక్కితే ఆ అవయవానికి మేలు జరుగుతుందనీ నమ్మే పద్ధతినే రిఫ్లెక్సాలజీ అంటారు. అమెరికాలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడిగా పనిచేసిన విలియం ఫిట్జ్‌జెరాల్డ్ మనిషి శరీరాన్ని తల నుంచి కాలివేళ్ల దాకా పది నిలువు మండలాలుగా విభజించి, 1917లో ఎడ్విన్ బవర్స్‌తో కలిసి ఆ సిద్ధాంతాన్ని పుస్తకంగా వెలువరించాడు. ఆ తర్వాత 1930లలో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు పాదాల మీదనే దృష్టి పెట్టి, ఏ చోటు ఏ అవయవానిదో చూపే పటాన్ని తయారుచేసింది. ఇప్పుడు మనం గోడలకు వేలాడుతూ చూసే రంగుల పాదాల పటాలన్నింటికీ మూలం అదే. కుక్కలకూ పిల్లులకూ గుర్రాలకూ ఈ పద్ధతిని వర్తింపజేయడం చాలా తర్వాతి సంగతి. వాటికి దీన్ని చేసేవారిలో కొందరు పాదాలతో పాటు చెవులను, వెన్నెముక వెంబడి చర్మాన్ని కూడా నొక్కుతారు.

పెద్దవాళ్ల కాళ్లు పట్టడం, పసిబిడ్డకు నూనె రాసి కాళ్లు సాగదీయడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న పనులే కాబట్టి, పిల్లి పాదాలు నొక్కమంటే మనకు వింతగా తోచదు. ఆ చనువు మంచిదే కానీ, మనిషి కాలును పట్టినట్టు పిల్లి కాలును పట్టకూడదన్న సంగతి ముందుగా మనసులో పెట్టుకోవాలి.

ఇది నిజంగా జబ్బులను తగ్గిస్తుందా?

తగ్గించదు. అరిపాదంలోని ఒక చోటుకూ మూత్రపిండానికో కాలేయానికో ప్రత్యేకమైన నాడీమార్గం ఉన్నట్టు శరీర నిర్మాణ శాస్త్రంలో ఎక్కడా కనబడలేదు. మనుషుల మీద జరిగిన 18 ప్రయోగాలను ఎడ్జార్డ్ ఎర్నస్ట్ అనే పరిశోధకుడు కలిపి పరిశీలించి, ఏ జబ్బుకైనా రిఫ్లెక్సాలజీ పనిచేస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేదని 2009లో తేల్చాడు. మనుషుల సంగతే అలా ఉన్నప్పుడు పిల్లుల విషయంలో ఎవరైనా గట్టి హామీ ఇస్తే దాన్ని నమ్మకండి.

ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణముంది. పిల్లి తన నొప్పిని దాచుకునే జంతువు. అది బయటపడి మనకు తెలిసేసరికే జబ్బు ముదిరి ఉంటుంది. అప్పుడు పాదాలు నొక్కుతూ రెండు రోజులు వేచి చూడటమంటే, ఉన్న కొద్దిపాటి వ్యవధిని కూడా చేజార్చుకోవడమే.

మనుషుల పాదాల పటాన్ని పిల్లి పాదానికి వాడుకోవచ్చా?

వాడుకోలేము. పిల్లి పాదం ఎలా ఉంటుందో తెలిస్తే దీనికి కారణం వెంటనే అర్థమవుతుంది. మనం మడమ నుంచి వేళ్ల దాకా మొత్తం పాదాన్ని నేలకు ఆనించి నడుస్తాం. పిల్లి వేళ్ల మీద మాత్రమే నడుస్తుంది. దాని వెనుక కాలికి మధ్యలో, వెనక్కి పొడుచుకు వచ్చి, వెనక్కి తిరిగిన మోకాలిలా కనిపించేది నిజానికి దాని మడమ. మనుషుల పటంలో మడమ దగ్గర చూపించే నడుము, కటి భాగాలను పిల్లి పాదంలో ఎక్కడ వెతకాలి? నేలకు తాకని మడమలోనా, నేలకు తాకే మెత్తలోనా? ఈ ప్రశ్నకు పటాలు గీసినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రకంగా జవాబు చెబుతారు.

వేళ్ల లెక్క కూడా కుదరదు. సాధారణంగా పిల్లికి ముందు పాదానికి ఐదు వేళ్లు, వెనుక పాదానికి నాలుగు వేళ్లు, మొత్తం పద్దెనిమిది గోళ్లు ఉంటాయి. ముందు పాదం అడుగున ఐదు వేళ్ల మెత్తలు, మధ్యలో ఒక పెద్ద మెత్త, మణికట్టు దగ్గర ఒక చిన్న మెత్త ఉంటాయి. వెనుక పాదానికి నాలుగు వేళ్ల మెత్తలు, ఒక పెద్ద మెత్త మాత్రమే ఉంటాయి. మండలాలు పది అని చెప్పే సిద్ధాంతాన్ని ఎనిమిది వేళ్ల వెనుక పాదాల మీద ఎలా పరుస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అయితే ఈ మెత్తలు నిజంగా అద్భుతమైనవి. ఒత్తిడిని, కంపనాన్ని పసిగట్టే నాడీ కొసలు వాటిలో దట్టంగా ఉంటాయి. పిల్లికి చెమట పట్టేది ప్రధానంగా అక్కడే కాబట్టి, ఆసుపత్రి బల్ల మీద భయపడిన పిల్లి తడి అడుగులు వేయడం మీరు చూసే ఉంటారు. వేళ్ల మధ్య వాసన గ్రంథులు ఉంటాయి. అది సోఫాను గీకేటప్పుడు ఈ చోటు నాదని ఆ వాసనతో చెబుతుంది. ముందు కాలి మణికట్టు వెనుక మీసాల వంటి గట్టి వెంట్రుకలు ఉంటాయి, వేటను ముందు కాళ్లతో పట్టినప్పుడు దాని కదలికను అవే తెలుసుకుంటాయి. ఇంత సున్నితమైన భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే పిల్లి ఎందుకు పారిపోతుందో వేరే చెప్పనక్కరలేదు.

మరి పాదాలను తాకడం వల్ల ఉపయోగమేమిటి?

రెండు ఉపయోగాలు ఉన్నాయి, రెండూ నిజమైనవే. మొదటిది, తనకు ఇష్టమైన మనిషి మెల్లగా తాకినప్పుడు పిల్లి శరీరం వదులవుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, కళ్లు సగం మూతపడతాయి. అవయవాల పటంతో దీనికి సంబంధం లేదు, నమ్మకమున్న స్పర్శకు మాత్రమే సంబంధం. రెండవది, నా దృష్టిలో మరింత విలువైనది ఏమిటంటే, పాదాలను పట్టుకోనిచ్చే పిల్లికి గోళ్లు కత్తిరించడం, ముల్లు తీయడం, డాక్టరు పరీక్ష చేయడం సులువవుతాయి. రోజూ తాకే చేతికి నిన్నటికీ నేటికీ ఉన్న తేడా ముందుగా తెలుస్తుంది. నేను ఈ పనిని చికిత్స అనడం మానేసి, పాదాల పరామర్శ అంటాను.

ఎలా మొదలుపెట్టాలి?

పిల్లి తిన్న తర్వాత, తనను తాను నాక్కుని, కునుకుపాటుకు సిద్ధమవుతున్న సమయం మంచిది. అది పడుకున్న చోటికి మీరు వెళ్లి ఎత్తుకుని తేవడం కన్నా, అదే మీ పక్కకు వచ్చి కూర్చున్నప్పుడు మొదలుపెట్టండి. ముందుగా మీ చూపుడువేలిని దాని ముక్కుకు కొంచెం దూరంలో ఉంచండి. అది వాసన చూసి చెంప రుద్దితే సమ్మతించినట్టు, తల తిప్పుకుంటే ఆ రోజుకు వద్దన్నట్టు.

చాలా పిల్లులకు చెంపలు, గడ్డం కింద, చెవికీ కంటికీ మధ్య ఉన్న చోటు ఇష్టం. తోక మొదలు దగ్గర తాకడాన్ని చాలా పిల్లులు భరించలేవని పరిశోధనల్లోనూ తేలింది. కాబట్టి చెంపలతో మొదలుపెట్టి, మెడ పక్కగా భుజం మీదికి, అక్కడి నుంచి ముందు కాలి మీదుగా కిందికి రండి. వెంట్రుకలు పెరిగిన దిశలోనే చేయి సాగాలి. మూడు నుంచి ఐదు సెకన్లు నిమిరి ఆగండి. ఆగినప్పుడు అది మీ చేతిని తలతో నెడితే కొనసాగించండి, కదలకుండా ఊరుకుంటే చాలించండి.

మొదటి వారంలో పాదం దాకా వెళ్లనవసరం లేదు. రెండో వారంలో ముందు పాదం పైభాగాన్ని మీ అరచేతిలో ఒక్క క్షణం ఉంచుకుని వదిలేయండి. ఆ క్షణానికి ప్రతిఫలంగా ఉడికించిన కోడిమాంసం పీచు ఒకటి ఇవ్వండి, ఉప్పు, కారం, ఉల్లిపాయ తగలనిదై ఉండాలి. పాదం ఇవ్వడం అలవాటైన తర్వాత బొటనవేలిని పెద్ద మెత్త మీద ఆనించి, చిన్నచిన్న వలయాలుగా కదపవచ్చు. ఎంత ఒత్తిడి అని అడుగుతారు. మీ కన్ను మూసుకుని రెప్ప మీద వేలు పెట్టుకుని చూడండి. అక్కడ ఎంత హాయిగా ఉంటుందో అంతే, దానికి మించి వద్దు. తర్వాత ఒక్కొక్క వేలి మెత్తను తాకి, పైనుంచీ కిందనుంచీ సుతారంగా అదిమితే గోరు బయటికి వస్తుంది. గోరును చూసి వదిలేయండి. మణికట్టు వెనుక వెంట్రుకలను మాత్రం కదిలించకండి.

వెనుక పాదాలను చివరికి ఉంచాలి. వాటిని తాకనివ్వని పిల్లులు జీవితాంతం తాకనివ్వకపోవచ్చు, అందులో తప్పేమీ లేదు. పొట్ట చూపిస్తూ వెల్లకిలా పడుకున్న పిల్లి పొట్ట రుద్దమని అడుగుతోందని అనుకోవడం పొరపాటు. మీ మీద నమ్మకం ఉందని మాత్రమే అది చెబుతోంది.

రోజుకు ఎంతసేపు చేయాలి?

రెండు మూడు నిమిషాలు చాలు. ఒక రోజు ఒకే పాదంతో ముగిసినా నష్టం లేదు.

పిల్లికి ఇష్టం లేదని ఎలా గ్రహించాలి?

తోక కొస టపటపలాడటం, చెవులు పక్కలకు లేదా వెనక్కి తిరగడం, వీపు చర్మం అలలా కదలడం, కంటిపాపలు ఒక్కసారిగా పెద్దవవడం, మీ చేతి వైపు చటుక్కున తల తిప్పడం ఇవన్నీ చాలించమని చెప్పే గుర్తులు. కరవడం ఈ గుర్తులన్నీ అయిపోయాక చివరగా వచ్చేది. మా పిల్లి ఏ హెచ్చరికా లేకుండా కరిచిందని చెప్పేవారి ఇళ్లలో నేను చూసినంతవరకు, హెచ్చరికలు ఉన్నాయి, చూసే కళ్లు వేరే చోట ఉన్నాయి. ఏ కదలికా లేకుండా బిగుసుకుపోయిన పిల్లి శాంతంగా ఉందని అనుకోకండి, అది భయంతో గడ్డకట్టి ఉండవచ్చు.

గురగురలాడుతోంది కాబట్టి సంతోషంగానే ఉందని అనడం కూడా అన్నివేళలా సరికాదు. నొప్పితో ఉన్న పిల్లులు, ప్రసవిస్తున్న పిల్లులు, చివరి ఘడియల్లో ఉన్న పిల్లులు కూడా గురగురలాడతాయి. ఆ శబ్దాన్ని శరీరపు మిగతా గుర్తులతో కలిపి చదవాలి.

పాదాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు ఏమేమి చూడాలి?

మెత్తల రంగును ముందుగా గుర్తుపెట్టుకోండి. పిల్లిని బట్టి అవి గులాబీ రంగులోనో, నలుపులోనో, మచ్చలుగానో ఉంటాయి. మీ పిల్లికి సహజమైన రంగు మీకు తెలిసి ఉంటే, గులాబీ మెత్తలు పాలిపోయినా, పసుపు తిరిగినా, నీలంగా మారినా వెంటనే పట్టుకోగలుగుతారు. పాలిపోవడం రక్తహీనతకు, పసుపు రంగు కామెర్లకు సూచన కావచ్చు. అనుమానం వస్తే చిగుళ్లను కూడా చూడండి. మధ్య మెత్త ఉబ్బి, గాలి తగ్గిన బంతిలా మెత్తబడితే అది ఒక ప్రత్యేకమైన వ్యాధి కావచ్చు, డాక్టరుకు చూపించాలి.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో డాబా మీద నడిచిన పిల్లి మెత్తలు కాలి పొక్కుతాయి. కాలుగాలిన పిల్లి అన్న మాటను మనం ఉపమానంగానే వాడుతున్నాం కానీ, ఆ బాధ దానికి నిజమైనది. వర్షాకాలంలో వేళ్ల సందుల్లో బురద ఎండి గట్టిపడి చర్మాన్ని ఒరుస్తుంది. అన్నింటికన్నా ముఖ్యమైనది ఇంట్లో నేల తుడిచే ఫినాయిల్. ఫినాల్ జాతి పదార్థాలను శరీరం నుంచి బయటికి పంపడానికి తోడ్పడే ఎంజైము పిల్లి కాలేయంలో సరిగా పనిచేయదు. తడి నేల మీద నడిచి, ఆ పాదాలను నాకి శుభ్రం చేసుకునే పిల్లి ఆ విషాన్ని నేరుగా మింగుతుంది. ఫినాయిల్ వాడక తప్పని ఇంట్లో నేల పూర్తిగా ఆరేదాకా పిల్లిని మరో గదిలో ఉంచాలి. మా ఇంట్లో అయితే పిల్లులు వచ్చిన ఏడాదే దాన్ని మానేసి, సబ్బునీళ్లతో తుడిచి మళ్లీ మంచినీళ్లతో తుడుస్తున్నాం. గడప దగ్గర చల్లే చీమల మందు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

చివరిగా వేడి, చల్లదనం. నాలుగు పాదాలూ ఇంచుమించు ఒకే వెచ్చదనంతో ఉండాలి. వెనుక పాదాలు రెండూ ఒక్కసారిగా చల్లబడి, మెత్తలు పాలిపోయి లేదా నీలంగా మారి, పిల్లి వెనుక కాళ్లు ఈడుస్తూ బాధతో అరుస్తుంటే, గుండె నుంచి వచ్చిన రక్తపు గడ్డ కాళ్లకు వెళ్లే రక్తనాళాన్ని మూసివేసి ఉండే అవకాశం ఉంది. అప్పుడు కాళ్లు రుద్దడం, వేడి కాపడం పెట్టడం ఎంతమాత్రం పనికిరాదు. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

నూనె గానీ బామ్ గానీ రాయవచ్చా?

ఏదీ రాయకూడదు. మనం తలనొప్పికి వాడే బామ్‌లలో కర్పూరం, పుదీనా సత్తు, మిథైల్ సాలిసిలేట్ ఉంటాయి. నీలగిరి తైలం, లవంగ నూనె, టీ ట్రీ నూనె, నిమ్మజాతి నూనెలు కూడా పిల్లికి హానికరమే. పాదానికి రాసినదంతా పది నిమిషాల్లో దాని కడుపులోకి పోతుందని గుర్తుంచుకోండి. కాళ్లు నొప్పిగా ఉన్నాయేమోనని పారాసిటమాల్ ముక్క ఇవ్వడం మరింత ఘోరమైన పొరపాటు, ఒక్క మాత్రే పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కల గోమార్లకు వాడే మందుల్లో పెర్మెత్రిన్ ఉంటే అది కూడా పిల్లికి విషమే. పొడి చేతులతో తాకడమే అన్నింటికన్నా మంచి పద్ధతి.

మా గండుపిల్లికి మూత్రం సరిగా రావడం లేదు. మూత్రపిండాల చోటు నొక్కితే తగ్గుతుందని ఒకరు చెప్పారు. ప్రయత్నించమంటారా?

దయచేసి ప్రయత్నించకండి, ఇప్పుడే బయలుదేరండి. ఈ జవాబును నా అనుభవంతో చెబుతున్నాను. పన్నెండేళ్ల కిందట మా ఇంట్లో చిట్టిగాడనే గండుపిల్లి ఉండేది. ఒక సాయంత్రం వాడు ఇసుక తొట్టెలోకి మళ్లీమళ్లీ వెళ్లి కూర్చుంటూ, చుక్క కూడా రాకుండానే లేచి వస్తూ, కింద నాక్కుంటూ కనిపించాడు. మలబద్ధకం అనుకున్నాను. పాదాల పటాలు బాగా తెలిసినవారని నేను నమ్మిన ఒకరు ఫోనులో చెప్పినట్టు, వెనుక పాదాల మెత్తల మధ్యభాగాన్ని రాత్రి పదకొండు దాకా నొక్కుతూ కూర్చున్నాను. వాడు శాంతించినట్టే అనిపించింది. అది శాంతి కాదని, శరీరంలో విషం చేరి సోలిపోవడమని తెల్లవారాక డాక్టరు చెప్పాకే తెలిసింది. మూత్రనాళం పూర్తిగా మూసుకుపోయింది. గొట్టం వేశారు, సెలైన్ ఎక్కించారు, కానీ వాడు ఆ మధ్యాహ్నం దాటలేదు.

మగపిల్లుల మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. అది మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోయే ప్రమాదం ఏర్పడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ముక్కుతూ కూర్చుని మూత్రం పోయని మగపిల్లి విషయంలో తెల్లవారే దాకా ఆగే మాటే లేదు. ఆ రాత్రి నేను వాడి పాదాలు పట్టుకుని గడిపిన గంటలను పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళం ప్రయాణానికి ఉపయోగించి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచన నన్ను వదలలేదు. ఈ జవాబులు రాయడం మొదలుపెట్టింది కూడా అందుకే.

ఇంకా ఏయే సమయాల్లో పాదాలు నొక్కకూడదు?

ఎముక విరిగిందన్న అనుమానం, కుంటుతున్న కాలు, గాయం, చీము, ఆపరేషన్ అయిన కొత్త, జ్వరం ఉన్నప్పుడు వద్దు. పిల్లి శరీర ఉష్ణోగ్రత సహజంగానే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది కాబట్టి, మన చేతికి వెచ్చగా తగలగానే జ్వరమని కంగారుపడనక్కరలేదు, థర్మామీటరుతో డాక్టరు చూడాలి. గుండ్రంగా వెంట్రుకలు రాలిన మచ్చలు ఉంటే అది తామర కావచ్చు, అది మనకూ అంటుకుంటుంది. నిద్రపోతున్న పిల్లి ఊపిరిని నిమిషానికి లెక్కపెట్టండి. అది పదేపదే 30 దాటుతుంటే గుండె లేదా ఊపిరితిత్తుల సమస్య ఉండవచ్చు. ఒక రోజంతా ఏమీ తినని పిల్లిని, అందులోనూ లావుగా ఉన్నదాన్ని, మర్నాటికి వాయిదా వేయకండి. తిండి మానితే కొవ్వు కాలేయంలో చేరి దాన్ని దెబ్బతీస్తుంది.

కడుపుతో ఉన్న పిల్లిని అది కోరితే చెంపలు నిమరండి, అంతకు మించి ఏమీ వద్దు.

మా పిల్లికి పద్నాలుగేళ్లు. మెట్లు ఎక్కడం తగ్గించింది. దానికి ఈ పద్ధతి మేలు చేస్తుందా?

ఆ వయసులో చాలా పిల్లులకు కీళ్ల అరుగుదల ఉంటుంది. అవి కుంటవు, మూలగవు. గెంతడం మాత్రం తగ్గిస్తాయి, నడుమును నాక్కోవడం మానేస్తాయి, ఇసుక తొట్టె గోడ దాటలేక పక్కనే పోస్తాయి. ముసలిదైంది కదా అని మనం ఊరుకుంటాం. పాదాలు నొక్కితే అరిగిన కీలు తిరిగి రాదు. డాక్టరు చూసి పిల్లులకు తగిన నొప్పి మందు ఇస్తే అది మళ్లీ కిటికీ ఎక్కడం మీరే చూస్తారు. ఇంట్లో మీరు చేయగలిగింది, కిటికీ కింద ఒక పీట వేయడం, అంచు తక్కువగా ఉన్న తొట్టె పెట్టడం, పడుకునే చోట మెత్తని దుప్పటి పరవడం.

ముసలి పిల్లుల పాదాల పరామర్శలో గోళ్లే ముఖ్యం. అవి గీకడం తగ్గించడం వల్ల గోరు పైపొర ఊడక, లావెక్కి, గుండ్రంగా తిరిగి మెత్తలోకి దిగిపోతుంది. నేలకు తాకని లోపలి వైపు గోరులో ఇది ఎక్కువ. నెలకోసారి కొసను మాత్రమే కత్తిరించండి. లోపల గులాబీ రంగులో కనిపించే సజీవ భాగాన్ని తాకకండి. బాగా నీళ్లు తాగుతూ, తింటూ కూడా చిక్కిపోతుంటే మూత్రపిండాలు, థైరాయిడ్, చక్కెర వ్యాధి కోసం రక్తపరీక్ష చేయించాలి.

పిల్లి కూనలకు ఎప్పుడు అలవాటు చేయాలి?

పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం వరకు ఉన్న కాలంలో మనిషి స్పర్శను కూన సహజమైనదిగా స్వీకరిస్తుంది. తల్లికి అభ్యంతరం లేనప్పుడు రోజూ కొద్ది నిమిషాలు ఎత్తుకుని, పాదాలను వేలితో తాకి వదిలేస్తే చాలు. ఇంట్లో పిల్లలు ఉంటే వాళ్ల చేత మీ సమక్షంలోనే చేయించండి. చేతివేళ్లను ఆటవస్తువుగా చూపించి కరిపించుకోవడం మాత్రం అలవాటు చేయకండి.

ఠాకురాణి యాత్ర డప్పులకు, దీపావళి టపాసులకు మా పిల్లి వణికిపోతుంది. అప్పుడు పాదాలు నిమిరితే భయం తగ్గుతుందా?

దాక్కున్న పిల్లిని బయటికి లాగి నిమరడం వల్ల భయం పెరుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి మా పట్టణంలో రేకులు ఎగిరిపోయే శబ్దానికి మా ఆడపిల్లి బీరువా వెనుక దూరింది. ఓదార్చాలన్న ఆత్రంతో చేయి పెట్టి పాదం పట్టుకున్నాను, నా మణికట్టు చీరుకుపోయింది. తప్పు దానిది కాదు. మర్నాడు మధ్యాహ్నం గాలి తగ్గాక అదే బయటికి వచ్చి, నా ఒడిలో కూర్చుని, తనంతట తానే ముందు పాదాన్ని నా చేతిమీద పెట్టింది. అప్పుడు నిమిరాను, నిద్రపోయింది.

బరంపురంలో రెండేళ్లకోసారి యాత్ర జరిగే రోజుల్లో ఇంటికి లోపలి గదిని దానికి కేటాయించి, కిటికీలు మూసి, ఒక అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి, అందులో మీరు కట్టి విడిచిన పాత చీర పెట్టండి. దాక్కోవడానికి పెట్టె ఇచ్చిన పిల్లులు కొత్తచోట త్వరగా కుదుటపడ్డాయని నెదర్లాండ్స్‌లోని ఒక ఆశ్రయంలో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. మీరు ఆ గదిలోనే ప్రశాంతంగా కూర్చుని మీ పని చేసుకుంటే అదే దానికి పెద్ద ధైర్యం.

వీధి పిల్లికి చేయవచ్చా? అది గీరితే ఏం చేయాలి?

పరిచయం లేని పిల్లి పాదాలు పట్టుకోకండి. పిల్లి కరిచినా గీరినా, పెంపుడుదైనా సరే, వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా గురించి అడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. పిల్లి పన్ను సన్నగా లోతుగా దిగుతుంది కాబట్టి పైకి చిన్నదిగా కనిపించే గాటు లోపల చీము పడుతుంది. మీ పిల్లికి మూడు నెలల వయసు నుంచే రేబీస్ టీకా వేయించి ఉంటే మీకు సగం దిగులు తప్పుతుంది.

డబ్బు తీసుకుని పిల్లులకు రిఫ్లెక్సాలజీ చేస్తామనేవారి దగ్గరికి వెళ్లవచ్చా?

మన దేశంలో జంతువులకు వైద్యం చేసే అర్హతను 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదైన పశువైద్యులకే ఇచ్చారు. జంతువుల రిఫ్లెక్సాలజీకి అటువంటి గుర్తింపు లేదు. డాక్టరు చూసిన తర్వాత, మందులు ఆపకుండా, పిల్లి హాయి కోసం మాత్రమే అంటే అది మీ ఇష్టం. మందులు మానేయమనేవారి దగ్గర, పాదం చూసి జబ్బు పేరు చెప్పేవారి దగ్గర ఒక్క క్షణం కూడా కూర్చోకండి. నిజానికి ఈ పని మీ చేతులతో చేసినప్పుడే పిల్లికి హాయి. కొత్త మనిషి, కొత్త చోటు, కొత్త వాసన కలిస్తే దానికి మిగిలేది భయమే.

దగ్గరలో పిల్లులను చూసే డాక్టరు లేరు. ఉన్న డాక్టరుకు తెలుగు రాదు. ఎలా?

సంచార పశువైద్య వాహనాల కోసం 1962 అనే నంబరు ఉంది. అవి ముఖ్యంగా పాడి పశువుల కోసం ఏర్పడినవే అయినా, అడిగి చూడటంలో తప్పు లేదు. పర్లాకిమిడి వారికి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, రాయగడ వారికి పార్వతీపురం మీదుగా విజయనగరం అందుబాటులో ఉంటాయి. పెద్ద సమస్యలకు విజయనగరం జిల్లాలోని గరివిడి పశువైద్య కళాశాల, బరంపురం వైపు వారికి భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు పశువైద్య కళాశాల ఉన్నాయి. పిల్లి ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఒకసారి వెళ్లి, ఏ వేళల్లో చూస్తారో, రాత్రి ఎవరికి ఫోను చేయాలో అడిగి కాగితం మీద రాసి తలుపు వెనుక అంటించుకోండి.

ఒడియా డాక్టరు దగ్గర నాలుగు మాటలు చాలు. పిల్లిని బిలేయి అంటారు. వాంతిని బాంతి, విరేచనాలను ఝాడా, మూత్రాన్ని పరిస్రా, కాలును గోడొ అంటారు. తినడం లేదు అనడానికి ఖాఉ నాహిఁ అనీ, మూత్రం రావడం లేదు అనడానికి పరిస్రా హేఉ నాహిఁ అనీ చెప్పండి. ఈ చివరి మాటను మాత్రం గండుపిల్లి ఉన్న ప్రతి ఇంట్లోనూ అందరూ కంఠతా పట్టాలి.